రెండు వేళ్ల సందు

హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో పట్టుచీరల దుకాణం నడిపిన ఒక సేటుకు ఇద్దరు కొడుకులు. ఆయన పోయాక దుకాణాన్ని పెద్దగా గొడవ లేకుండానే పంచుకున్నారు. పేచీ ఇంటి దగ్గర వచ్చింది. ఆ ఇల్లు పుత్లీబౌలి దాటి గౌలిగూడ వైపు పోతే, మూసీకి దిగే సందులో చిట్టచివరిది. దాని తర్వాత ఇక నదే. తూర్పు సగం తాతల నాటిది: ఇటుక గోడలు, డంగు సున్నం పూత, దూలాల మిద్దె. పడమటి సగం ఏనాడో కూలిపోయి ఖాళీగా పడి ఉంది.

"నాయిన పండుకున్న అర్ర నాకు గావాలె" అని పెద్దవాడు పాత ఇల్లు తీసుకున్నాడు. చిన్నవాడు ఖాళీ జాగా తీసుకుని కొత్త ఇంటికి ముగ్గు పోయించాడు. నది వైపు పెద్ద పెద్ద అద్దాలు, మిగతా గోడంతా టేకు రంగు షీట్లు. ఎలివేషన్ చూసి చాదర్‌ఘాట్ వంతెన మీద పోయేవాళ్లు బండి ఆపాలని అతని కోరిక.

షీట్ల కోసం ట్రూప్‌బజార్‌కు వెళ్లాడు. దుకాణాయన నమూనా ముక్క మీద రూపాయి బిళ్లతో గీకి చూపించాడు, నీళ్లు పోసి చూపించాడు. చిన్న సేటు వ్యాపారి కొడుకు కదా, చూపించింది నమ్మలేదు. ముక్కను ఇంటికి తెచ్చి బకెట్లో రాత్రంతా నానబెట్టాడు. తెల్లారి తుడిచి చూస్తే ఉబ్బలేదు, రంగు పోలేదు. అప్పుడు అడ్వాన్సు ఇచ్చాడు.

బిగించడానికి వచ్చిన ఫిట్టర్ బిహార్ కుర్రాడు. గోడకు ముందు బ్రాకెట్లు కొట్టాడు, వాటికి అల్యూమినియం పట్టీలు నిలబెట్టాడు, ఆ పట్టీలకు షీట్లు బిగించడం మొదలుపెట్టాడు. చిన్న సేటు వచ్చి మొదటి షీటు మీద వేళ్లతో కొట్టాడు. డబడబమని మోగింది.

"ఇదేంది? గోడకు అతికిస్తవనుకుంటె గోడకు ఆనకుండ నిలబెడ్తున్నవ్? లోపల ఉత్తదే ఉన్నది గద!"

కుర్రాడికి తెలుగు అంతంతమాత్రం. గోడకూ షీటుకూ మధ్య రెండు వేళ్లు జొనిపి చూపించాడు. తర్వాత చేతిని కింది నుంచి పైకి ఊపి "హవా" అన్నాడు.

హవాకు పైసలివ్వడం చిన్న సేటుకు మింగుడుపడలేదు. "కింద, మీద, షీట్ల నడుమ అంతట సిలికాన్ కొట్టెయ్. లేకుంటె బల్లులు దూర్తయ్, నీళ్లు దూర్తయ్" అన్నాడు. కుర్రాడు ఫోన్లో లెక్క వేసి చూపించాడు: సిలికానుకు ఇంత, కూలికి ఇంత. పైగా అలా మూసేస్తే వారంటీ ఉండదన్నాడు. సేటు ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు.

"ఇంకా పైసలా? వద్దు తియ్. అట్లనే ఉండనియ్."

కుర్రాడు కింది అంచుకూ పై అంచుకూ చిల్లుల జాలీ బిగించి పని ముగించాడు. కథ వినేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి: అతడు ఆ సందు విడిచింది తెలివితో కాదు, పిసినారితనంతో.

పెద్దవాడు ఇదంతా తన వరండాలోంచి చూస్తూనే ఉన్నాడు. వచ్చినవాళ్లంతా తమ్ముడి ఇంటికి ఎదురుగా, తన ఇంటికి వీపు పెట్టి నిలబడుతున్నారు. తన గోడలేమో ప్రతి వానాకాలం అడుగున తెల్లగా ఉప్పు పట్టి, సున్నం పొడి రాల్చుతుంటాయి. పొద్దున్నే చీపురుతో ఊడ్చుకోవడం, ఏడాదికో రెండేళ్లకో అతుకులు వేయించుకోవడం తండ్రి కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడది అవమానంగా తోచింది. పాలమూరు నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడిన ముసలి మేస్త్రిని పిలిపించాడు.

"మేస్త్రీ, ఈ సున్నమంత గీకి పారెయ్. అంగుళం మందం సిమెంటు కొట్టు. దాని మీద మంచి ప్లాస్టిక్ పెయింటు. ఒక్క చుక్క లోపటికి పోవద్దు."

"ఈ గోడకు సిమెంటు పడది సేటూ. నేలల నుంచి తడి గుంజుతది ఇది. సున్నమైతె బయటికి ఇడుస్తది. సిమెంటు కొడితె అది యాడికి పోవాలె?"

"అయితె ఏండ్లకేండ్లు పొడి రాలుతుంటె చూస్కుంట కూసోవాల్నా?"

"రాలేది సున్నం సేటూ. ఇటుక రాలుతలేదు గద."

ఈ తేడా పెద్ద సేటుకు పట్టలేదు. మేస్త్రి చెప్పవలసింది చెప్పాడు. ఆ తర్వాత చెప్పిన పని చేశాడు. కూలి మనిషి అంతకంటే ఏం చేస్తాడు? బోనాల నాటికి రెండు ఇళ్లూ పక్కపక్కన మెరిసిపోతున్నాయి, ఒకటి టేకు రంగులో, ఒకటి మీగడ రంగులో.

భాద్రపదం చివర్లో వికారాబాద్ వైపు కుండపోతగా కురిసింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. అర్ధరాత్రి సందులోకి వచ్చిన నీళ్లు తెల్లారేసరికి రెండు ఇళ్లలోనూ నడుం లోతుకు చేరాయి. టేకు రంగు షీట్లు వాటిని ఆపలేదు, అంగుళం సిమెంటూ ఆపలేదు. తలుపుల్లోంచి వచ్చాయి, మోరీల్లోంచి వచ్చాయి. అన్నదమ్ములిద్దరూ పిల్లాజెల్లాతో కాచిగూడలో మేనత్త ఇంటికి చేరారు. చాలా ఏళ్ల తర్వాత ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు గానీ ఇళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

నీళ్లు తీశాక ఫిట్టర్ కుర్రాడు వచ్చాడు. అడుగు వరస షీట్ల స్క్రూలు విప్పి, వాటిని ఒక పక్కన నిలబెట్టి, వెనక పేరుకున్న బురదను పైపుతో కడిగేశాడు. చిన్న సేటు ఇల్లు కింది భాగమంతా పట్టీలు బయటపడి వికారంగా ఉంది. పెద్దవాడు తన గోడను తడిగుడ్డతో తుడిపించాడు. మీగడ రంగు మళ్లీ నిగనిగలాడింది.

"చూసినవా తమ్మీ? నీది ఊడదీస్తున్నరు. నాది తుడిస్తె అయిపాయె."

తమ్ముడి దగ్గర జవాబు లేదు. రెండు నెలల పాటు ఆ గోడ అలాగే ఎండకు, గాలికి ఉంది. కార్తీకం దాటాక షీట్లు మళ్లీ బిగించారు.

అన్న ఇంట్లో దసరాకు ఏమీ కాలేదు. దీపావళికి తండ్రి అర్రలో మక్కిపోయిన వాసన మొదలైంది. లోపలి గోడల మీద తెల్లని నూగు ముందు జానెడు ఎత్తు, తర్వాత మూరెడు ఎత్తు ఎక్కింది. ఆ గదిలో పెళ్లిళ్ల సీజన్ కోసం దాచిన గద్వాల చీరల మూటలు రెండు విప్పి చూస్తే జరీ అంచుల వెంట బూజు. బయటి నుంచి చూసిన వాళ్లెవరికీ ఇదేమీ తెలియదు. పెయింటు మీద చిన్న మరక కూడా లేదు. సంక్రాంతి ముందు రోజు, సందులో ఆడపిల్లలు ముగ్గులు వేస్తుండగా, తలుపంత సిమెంటు పెచ్చు ఒక్కసారిగా ఊడి నేల మీద పడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. పెచ్చును తిరగేస్తే దాని వీపుకు ఇటుకల ముఖాలు అంటుకుని ఉన్నాయి.

మేస్త్రి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. నాలుగు నెలల కిందటి తడి ఇంకా చేతికి తగిలింది.

"ఇంత మందం కొట్టినంక నీళ్లెట్ల వచ్చినయ్ మేస్త్రీ?"

"నేలల కెల్లి వచ్చినయ్, ఇంట్ల కెల్లి వచ్చినయ్, కిటికీల పక్క కెల్లి వచ్చినయ్. వచ్చుడు పెద్ద ముచ్చట గాదు సేటూ. పోవుడే ముచ్చట."

మేస్త్రి సిమెంటంతా ఊడగొట్టించాడు. ఒక ఎండాకాలం మొత్తం గోడను బట్టబయలుగా వదిలెయ్యమన్నాడు. వైశాఖంలో పెద్ద సేటు కూతురి పెళ్లి. పెళ్లివారికి గోడ కనబడకుండా షామియానా అడ్డం కట్టించుకున్నారు. మృగశిర కార్తెకు ముందు మేస్త్రి సున్నం పని మొదలుపెట్టాడు. బెల్లం కావాలన్నాడు, కరక్కాయలు కావాలన్నాడు. గోడకు కషాయం కాస్తున్నావా అని సేటు విసుక్కున్నాడు గానీ తెప్పించాడు. పల్చటి పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, నున్నటి గులకరాయితో రుద్దాడు. తమ్ముడి షీట్లంత మెరుపు రాలేదు. మరుసటి వానాకాలం గోడ అడుగున మళ్లీ సన్నగా పొడి రాలింది. పెద్ద సేటు చీపురు తీసుకుని ఊడ్చుకున్నాడు. మేస్త్రికి ఫోన్ చెయ్యలేదు.

చిన్న సేటు మాత్రం గోడకూ షీటుకూ మధ్య రెండు వేళ్ల సందు వదలాలన్న ఆలోచన తనదేనని ఇప్పటికీ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాడు.

నీతి

గోడకు వేసే తొడుగు ఎంత గట్టిదన్నది రెండో ప్రశ్న. లోపలికి చేరిన తడి ఏ దారిన బయటికి పోతుందన్నది మొదటి ప్రశ్న.

దీన్ని మనుషుల మనసులకూ, కుటుంబాలకూ సాగదీయడం సులువు. నేను సాగదీయను. గోడల సంగతే ఇంకా మనకు తేలలేదు.

అన్నదమ్ములు కల్పితం. గోడలు కావు. కోఠి ప్రాంతానికి ఆ పేరు తెచ్చిన భవనమే మొదటి సాక్ష్యం. పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో, ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం మూసీ ఉత్తరపు ఒడ్డున తోటల మధ్య కట్టిన రెసిడెన్సీ అది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఆనాటి లెక్కలో అది నదీతీరపు అధునాతన గృహమే. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల అందులోకి వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. ముఖమండపం స్తంభాలు దూరం నుంచి రాతివనిపిస్తాయి. లోపల ఉన్నది ఇటుక, మీద ఉన్నది సున్నం. ఖరీదైన రాయి ముఖాన్ని చవకైన ఇటుకకు తొడగడమన్న ఆలోచన ట్రూప్‌బజార్ షీట్లతో పుట్టింది కాదన్నమాట.

ఆ సున్నం తయారీ ఏ కర్మాగారపు పనికీ తీసిపోదు. సున్నపురాయినో, గవ్వలనో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. నీళ్లు పోసి చల్లార్చి, రోజుల తరబడి మాగబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలుపుతారు. చివరి నున్నటి పూతలో కోడిగుడ్డు తెల్లసొన కూడా పడేది. గోడ మీద అది నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మారినా దానిలో కంటికి కనబడనంత సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఇటుకలోని తడి ఆవిరై వాటిగుండా బయటపడుతుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు పూత పైభాగంలో గడ్డకడుతుంది, పూత పొడిగా రాలుతుంది. పెద్ద సేటు అసహ్యించుకున్న పొడి ఇదే. పూత తన పని తాను చేస్తున్నదన్న గుర్తు అది.

దాని మీద దట్టమైన సిమెంటు, ఆపైన ప్లాస్టిక్ పెయింటు పడితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. పాత కట్టడాల్లో పునాది దగ్గర తడి ఆపే పొర ఉండదు కాబట్టి నేల తడి ఇటుకల్లోని సన్నని రంధ్రాల వెంట మనిషి నడుము దాకా కూడా ఎక్కుతుంది. బయటికి పోలేని ఆ తడి గది వైపు తిరుగుతుంది. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి, పెరిగే ప్రతి పలుకూ ఇటుక ముఖాన్ని నెడుతుంది. మెత్తని ఇటుక మీద గట్టి సిమెంటు ఊడినప్పుడు ఇటుకను కూడా వెంట తీసుకుపోతుంది. హైదరాబాద్ పాత ఇళ్లకు బాగుచేత పేరుతో జరిగిన నష్టంలో పెద్ద వాటా దీనిదేనని నా అభిప్రాయం. సున్నం మహత్యమంటూ పాటలు పాడే అవసరమూ లేదు. రెసిడెన్సీ పైకప్పు కారి, గోడల్లో చెట్లు మొలిచి, 2002లో ప్రపంచ కట్టడాల నిధి వారి ప్రమాద జాబితాకెక్కింది. పైనుంచి కారే నీళ్లను పట్టించుకోకపోతే ఏ పూతా నిలవదు.

ఇక కొత్త తొడుగులు. చిన్న సేటు కొన్నటువంటి హెచ్‌పీఎల్ షీటులో ఉండేది ఎక్కువగా కాగితమే. ఫినాలిక్ రెజిన్‌లో ముంచిన కాగితపు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అధిక వేడి, అధిక ఒత్తిడి మధ్య అదుముతారు. పైన రంగు పొర, బయటి వాడకానికైతే ఎండను తట్టుకునే మరో పొర. ఇంకొందరు పింగాణీ పలకలు వాడతారు. ఖనిజాల పొడిని అదిమి 1,200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చినవి. రెండూ గట్టివే. ఆవిరి మాత్రం వాటిగుండా పోదు. అందుకే వాటిని గోడకు అంటించకుండా పట్టీల మీద నిలబెట్టి, వెనక సందు వదులుతారు. వాన చాలావరకు షీటు ముఖం మీదే జారిపోతుంది. అతుకుల్లోంచి దూరిన కాస్త నీరు సందులోనే కిందికి కారిపోతుంది. ఎండకు షీటు వేడెక్కితే సందులోని గాలి పైకి లేచి, కింది జాలీ నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. సున్నం తన రంధ్రాలతో చేసిన పనినే ఇక్కడ ఈ ఖాళీ సందు చేస్తుంది.

ఖాళీ ఒక్కచోటే కాదు, స్క్రూ చుట్టూ కూడా ఉండాలి. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. మన మే నెల ఎండలో ముదురు రంగు తొడుగుల వెనక తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ ఆ తేడా రావడం వింతేమీ కాదు. హెచ్‌పీఎల్ గాలిలో తేమను బట్టి కూడా పెరిగి తగ్గుతుంది. అందుకని తెలిసిన ఫిట్టరు షీటుకు ఒక్కచోట మాత్రమే బిగువుగా స్క్రూ వేస్తాడు. మిగతా చిల్లులు స్క్రూ కంటే పెద్దవిగా తొలుస్తాడు. చూసేవాళ్లకు అది పనితనం లోపంలా కనిపిస్తుంది. గట్టిగా ఉండాలని అన్ని చిల్లులూ బిగించేసిన షీటు రెండు ఎండాకాలాలకు మూలల్లో పగులుతుంది, లేదా విల్లులా వంగుతుంది.

సందును దేవుణ్ణి చేయడానికి వీల్లేని సంగతి ఒకటుంది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు. తొడుగు షీట్ల నడిమి పొర మండే ప్లాస్టిక్. వెనక ఉన్న సందు పొగగొట్టం పని చేసి మంటను అంతస్తుల మీదుగా పైకి లాగింది. గాలి పైకి లేచే గుణమే గోడను ఆరబెడుతుంది, నిప్పునూ ఎక్కిస్తుంది. మన అబిడ్స్, నాంపల్లి దుకాణాల ముఖాలకు బిగించే ఏసీపీ షీట్లలోనూ మధ్య పొర ఏమిటో అడిగేవాళ్లు తక్కువ. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఉత్త పాలిథీన్ ఉన్న రకం చవక. మండని ఖనిజం నింపిన రకం ఖరీదు. అంతస్తుకో చోట సందులో నిప్పును ఆపే అడ్డుపట్టీ పెట్టడమూ ఖర్చే. ఈ రెండు ఖర్చుల దగ్గర పిసినారితనం చిన్న సేటుకు కలిసొచ్చినట్టు కలిసిరాదు.

నదిని ఆపే తొడుగు ఇంతవరకు ఎవరూ తయారుచెయ్యలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని తీసుకుపోయాక, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. నీళ్లను ఆపే పని ఆ కట్టలది, మోరీలది, నదికి ఎంత దూరంలో కట్టుకోవాలన్న ఇంగితానిది. తొడుగు పని వరద పోయాక మొదలవుతుంది.

కాబట్టి ట్రూప్‌బజార్‌లో కొటేషన్ తీసుకునేవాళ్లు షీటు ధర దగ్గరే గంటసేపు కూర్చోకుండా కాగితం కింది సగం కూడా చదవాలి. పట్టీ మందం ఎంత, బ్రాకెట్ల మధ్య దూరం ఎంత, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువేనా, కింద పైన జాలీ రాశారా, నడిమి పొర మండుతుందా, అడుగు వరస షీట్లను విప్పి మళ్లీ బిగించుకునే వీలుందా? ఆఖరి ప్రశ్నకు "విప్పుడెందుకు సార్?" అని దుకాణాయన నవ్వితే, మీ ఇల్లు మూసీకి ఎన్ని గజాల దూరమో చెప్పండి.